కంపెనీలో మీకంటే ముందు చేరేది మీ రికార్డే

ఆఫర్ లెటర్ వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచేశారు. మర్నాడు మెయిల్‌లో ఒక లింకు వస్తుంది: 'చేరే ముందు మీ వివరాలు నింపండి' అని. పేరు, పుట్టిన తేదీ, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, చిరునామా, నామినీ, చదువుల సర్టిఫికెట్లు... స్క్రీన్ తర్వాత స్క్రీన్. మనలో చాలామంది దాన్ని బస్సులో కూర్చుని ఫోన్‌లోనే నింపేసి 'సబ్మిట్' కొట్టేస్తారు. ఇంటర్వ్యూకి నెలల తరబడి సిద్ధమైనవాళ్లు కూడా ఈ ఫారానికి అరగంట కేటాయించరు. ఏదో ఫార్మాలిటీ అనుకుంటారు.

అది ఫార్మాలిటీ కాదు. ఆ కంపెనీలో మీకంటే ముందు చేరేది మీ రికార్డు. మీ జీతం, సెలవు, పీఎఫ్, బీమా, ప్రమోషన్, చివరికి మీరు మానేశాక వచ్చే అనుభవ పత్రం కూడా ఆ రికార్డు చెప్పినట్టే నడుస్తాయి. మేనేజర్‌కి మీరు ముఖం చూపించి నచ్చజెప్పొచ్చు. సాఫ్ట్‌వేర్‌కి నచ్చజెప్పడం కుదరదు. దానికి తెలిసింది గడుల్లో ఉన్నదే. అందుకే హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ మన వివరాలను ఎలా సర్దుతుందో, ఎక్కడ దాస్తుందో, ఎవరికి చూపిస్తుందో ఉద్యోగం వెతుక్కునే ప్రతి ఒక్కరూ ఒకసారి తెలుసుకోవాలి. ఇది కంప్యూటర్ చదివినవాళ్లకే పరిమితమైన సంగతి కాదు.

రిజిస్టర్లే తెర మీదకొచ్చాయి

ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే 'ఎస్‌ఆర్' అనే మాట వినే ఉంటారు. సర్వీస్ రిజిస్టర్. చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, బదిలీలు, సెలవులు, శిక్షలు... ఉద్యోగ జీవితమంతా ఒక లావుపాటి పుస్తకంలో. బదిలీ అయితే పుస్తకం కూడా ఆఫీసు మారాలి. రిటైరయ్యేటప్పుడు అందులో ఒక ఎంట్రీ లేకపోతే పెన్షన్ కాగితం అక్కడే ఆగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల జీతాల బిల్లులు 2018లో సీఎఫ్‌ఎంఎస్‌లోకి మారాయి. ప్రతి ఉద్యోగికీ ఒక సీఎఫ్‌ఎంఎస్ నంబరు వచ్చింది. సర్వీస్ రిజిస్టర్లను ఈ-ఎస్‌ఆర్‌గా ఎక్కించే పని కూడా మొదలైంది.

ప్రైవేటు ఫ్యాక్టరీల సంగతీ అంతే. కార్మిక చట్టాల కింద యజమాని రాయాల్సిన రిజిస్టర్లు ఒకప్పుడు 56 ఉండేవి. 2017లో కేంద్రం వాటిని ఐదుకు కుదించింది: ఉద్యోగుల వివరాలు, వేతనాలు, అప్పులు-కోతలు, హాజరు, సెలవులు. ఏ హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ తెరిచినా ఎడమవైపు మెనూలో దాదాపు ఇవే పేర్లు కనిపిస్తాయి. అంటే ఇదేదో ఆకాశం నుంచి ఊడిపడిన విద్య కాదు. గుమాస్తా గారి బీరువాలోని పుస్తకాలే తెర మీదకొచ్చాయి. తేడా ఒక్కటే: బీరువాలో పుస్తకాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, సాఫ్ట్‌వేర్‌లో మాట్లాడుకుంటాయి.

ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఎలా ఉంటే...

గోదావరి జిల్లాల వాళ్లకి ఈ అమరిక చెప్పడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిని ఆపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి వదులుతారు. అక్కడి నుంచి పిల్ల కాలువలు, వాటి నుంచి బోదెలు, చివర మీ చేను. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఆనకట్ట లాంటిది 'ఎంప్లాయీ మాస్టర్'. మీ పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, పాన్, బ్యాంకు ఖాతా అక్కడ ఒక్కసారే రాస్తారు. జీతాల లెక్క, హాజరు, సెలవు, పీఎఫ్, ఈఎస్‌ఐ, ఆదాయపు పన్ను, గుర్తింపు కార్డు... ఇవన్నీ కాలువలు. ఏదీ మీ పేరును మళ్లీ సొంతంగా రాసుకోదు. మాస్టర్ నుంచే తెచ్చుకుంటుంది.

ఈ పద్ధతిలోని సూత్రం: ఒక నిజం ఒక్కచోటే ఉండాలి. ఎక్సెల్ షీట్లతో నడిచే చిన్న ఆఫీసుల్లో ఇదే లోపిస్తుంది. జీతాల షీట్‌లో ఒక స్పెల్లింగు, హాజరు షీట్‌లో ఇంకోటి, ఈఎస్‌ఐకి పంపిన జాబితాలో మూడోది. ఏది నిజమో ఎవరికీ తెలియదు. మాస్టర్ ఉంటే ఆ గందరగోళం ఉండదు. కానీ ఆనకట్ట దగ్గరే నీళ్లు బురదగా ఉంటే చివరి చేను దాకా బురదే వస్తుంది కదా. మీరు బస్సులో కూర్చుని తప్పు కొట్టిన ఒక్క అంకె ఇన్ని చోట్లకూ చేరుతుంది.

పేర్లు ఒకేలా ఉండొచ్చు, పుట్టిన తేదీలూ కలవొచ్చు. అందుకే సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని పేరుతో కాకుండా ఒక నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. పెద్ద కంపెనీలు వాడే శాప్‌లో అది ఎనిమిది అంకెల పర్సనల్ నంబరు. అందులో ఒక్కో రకం సమాచారానికి నాలుగంకెల అర ఉంటుంది: 0002లో వ్యక్తిగత వివరాలు, 0006లో చిరునామా, 0008లో మూల వేతనం, 0009లో బ్యాంకు ఖాతా. వేరే సాఫ్ట్‌వేర్‌లో అరల పేర్లు మారతాయి, పద్ధతి అదే. ఒక అరలోనిది మార్చితే మిగతా అరలు చెదరవు. అన్ని అరలకూ తాళం చెవి మీ ఉద్యోగి నంబరే.

దీని పక్కనే కంపెనీ నిర్మాణం వేరే పటంలా ఉంటుంది: సంస్థ, శాఖ, ఊరు, విభాగం, హోదా, పైఅధికారి. మీ రికార్డును ఆ పటంలో ఒక గడికి కడతారు. మీరు సెలవు పెడితే ఆ విన్నపం ఎవరి ఫోన్‌కి వెళ్లాలో సాఫ్ట్‌వేర్‌కి తెలిసేది ఆ ముడి వల్లే. చేరిన మొదటి వారంలో 'నా సెలవు ఎవరూ ఆమోదించట్లేదు' అని కంగారుపడేవాళ్లలో కొందరికి ఆ గడిలో పాత మేనేజర్ పేరే ఉండిపోయి ఉంటుంది. వెళ్లి అడగాల్సింది అదే.

చెరిపేయదు, తేదీ వేసి పక్కన పెడుతుంది

మంచి హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌కీ మామూలు షీట్‌కీ అసలు తేడా ఇక్కడుంది. షీట్‌లో జీతం మారితే పాత అంకె చెరిపి కొత్తది రాస్తాం. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ చెరపదు. పాత అంకెకి 'ఫలానా తేదీ వరకు' అని రాసి, కొత్త అంకెకి 'ఫలానా తేదీ నుంచి' అని వేస్తుంది. శాప్‌లో ఇప్పుడు నడుస్తున్న రికార్డుకి ముగింపు తేదీ ఏముంటుందో తెలుసా? 31-12-9999. మళ్లీ మార్పు వచ్చేదాకా అదే నిజం అని చెప్పడానికి అదో గుర్తు.

ఇదెందుకంత అవసరమో మన జిల్లాలే చెబుతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాకి వెళ్లింది. కాకినాడ విడి జిల్లా అయింది. ఏలూరు, భీమవరం చెరో జిల్లాకి కేంద్రాలయ్యాయి. గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు తూర్పు గోదావరిలో చేరింది. 2015లోనే రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. ఇప్పుడు కొవ్వూరు అబ్బాయి పదో తరగతి మెమోలో పశ్చిమ గోదావరి, కొత్త ఆధార్‌లో తూర్పు గోదావరి. రెండూ నిజమే. కాకపోతే ఒక్కో నిజానికి ఒక్కో తేదీ ఉంది. తేదీల లెక్క తెలిసిన సాఫ్ట్‌వేర్ ఈ రెండింటినీ దాచగలదు. తెలియని షీట్‌లో ఇది 'మిస్‌మ్యాచ్' అని ఎర్రగా కనిపిస్తుంది.

యాజమాన్యం మారినప్పుడూ ఇదే పరీక్ష. రాజమండ్రి పేపరు మిల్లు 2011లో ఇంటర్నేషనల్ పేపర్ చేతికి, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ చేతికి వెళ్లింది. ధవళేశ్వరం హార్లిక్స్ ఫ్యాక్టరీ 2020లో హిందుస్థాన్ యూనిలీవర్‌లో కలిసింది. అదే ఏడాది జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో విలీనమయ్యారు. బోర్డు మీద పేరు మారొచ్చు. అంతకుముందు చేసిన సర్వీసు మాత్రం గాలికి పోకూడదు. పాత సిస్టమ్‌లోంచి కొత్త సిస్టమ్‌లోకి వివరాలు మార్చేటప్పుడు 'చేరిన తేదీ' అనే ఒక్క గడిలో విలీనమైన తేదీ పడితే ఇరవై ఏళ్ల సర్వీసు కాగితం మీద ఒక్క రోజులో మాయమవుతుంది. ఆ మార్పిడి జాగ్రత్తగా చేసేవాళ్ల మీదే గ్రాట్యుటీ లెక్క ఆధారపడి ఉంటుంది.

పేరు దగ్గరే చిక్కంతా

హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి మూలం విదేశీ పద్ధతి. అమెరికాలో 1987లో పుట్టిన పీపుల్‌సాఫ్ట్, దాని వ్యవస్థాపకుడే 2005లో మరొకరితో కలిసి మొదలుపెట్టిన వర్క్‌డే ఈ రంగానికి దారి వేశాయి. వాటిలో పేరుకి గడులు: ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్. మన పేరు ఆ గడుల్లో పట్టదు. ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంలో. ఆ తర్వాత అన్నవరం సత్యదేవుడి పేరు పూర్తిగా పెట్టుకున్న 'వీర వెంకట సత్యనారాయణ'లు మన వైపు వీధికొకరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు, పక్కన వి.వి.ఎస్.ఎన్. అనే పొడి అక్షరాలు. పాన్‌లో ఇనీషియల్స్ కుదరవు కాబట్టి పూర్తి పేరు, అది కూడా ఇంటిపేరు చివర. ఆధార్‌లో నమోదు చేసినాయన విన్నట్టు రాసింది. బ్యాంకు పుస్తకంలో ఉత్త సత్యనారాయణ.

అమ్మాయిల సంగతి ఇంకో చిక్కు. 'లక్ష్మి'ని ఇంగ్లిష్‌లో ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కెఎస్‌హెచ్‌తో రాసి ఉంటారు. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారుతుంది, డిగ్రీ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. మనిషికి ఇవన్నీ ఒక్కరే అని తెలుసు. అక్షరం అక్షరం పోల్చే యంత్రానికి వీళ్లు నలుగురు.

పొలం ఉన్న ఇళ్లలో ఇది కొత్త కాదు. అడంగల్‌లో, పాస్‌పుస్తకంలో తాత పేరు ఒక అక్షరం తేడా వస్తే రెవెన్యూ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మీ నాన్నగారిని అడగండి. ఉద్యోగి రికార్డు కూడా అలాంటి పాస్‌పుస్తకమే. పొలం కాగితాల విషయంలో చూపే జాగ్రత్త ఇక్కడ చూపకపోవడమే మన పొరపాటు.

కంపెనీ మారినా వెంటవచ్చే నంబరు

కంపెనీ ఇచ్చిన ఉద్యోగి నంబరు ఆ గేటు దాటితే పనికిరాదు. గేటు దాటినా వెంటవచ్చేది పీఎఫ్ వాళ్లిచ్చే యూఏఎన్. 12 అంకెలు, 2014లో మొదలైంది. మీరు ఎన్ని కంపెనీలు మారినా యూఏఎన్ ఒక్కటే ఉండాలి. ఒక్కో కంపెనీది ఒక్కో మెంబర్ ఐడీగా దాని కింద చేరుతుంది. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్‌ను సాధారణంగా ఉమంగ్ యాప్‌లో ముఖ గుర్తింపుతో, ఆధార్ ఆధారంగానే తీసుకోవాలి. అంటే మీ ఆధార్‌లో ఎలా ఉంటే పీఎఫ్‌లో అలాగే. ఆధార్‌లో తప్పుంటే ఉద్యోగానికి ముందే దిద్దించుకోవాలి.

తప్పు ఉండిపోతే ఏమవుతుంది? జీతం వచ్చినన్నాళ్లూ ఏమీ కాదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. మానేసి పీఎఫ్ డబ్బు అడిగిన రోజు క్లెయిమ్ తిరిగొస్తుంది. చెల్లెలి పెళ్లికో, ఇంట్లో ఆపరేషన్‌కో డబ్బు కావాల్సిన రోజు అదే అవుతుంది. 2025 జనవరి నుంచి కొంత ఊరట ఉంది. ఆధార్‌తో సరిచూసిన యూఏఎన్ ఉన్నవాళ్లు పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ లాంటివి చాలా సందర్భాల్లో కాగితాలు పెట్టకుండా ఆన్‌లైన్‌లో స్వయంగా దిద్దుకోవచ్చు. 2017 అక్టోబరు 1కి ముందు యూఏఎన్ పొందినవాళ్లకి మాత్రం యజమాని ధ్రువీకరణ కావాలి.

రెండు గడుల మీద ప్రత్యేకంగా కన్నెయ్యండి. ఒకటి 'మానేసిన తేదీ'. పాత కంపెనీ ఆ తేదీ ఎక్కించకపోతే పీఎఫ్ బదిలీ ముందుకు కదలదు. చివరి జమ పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే స్వయంగా దాన్ని నమోదు చేసుకునే వీలుంది. రెండోది 'నామినీ'. ఇరవై రెండేళ్ల వయసులో ఈ గడి చూస్తే నవ్వొస్తుంది, ఖాళీగా వదిలేస్తాం. పీఎఫ్‌తో పాటు ఉద్యోగికి ఉండే ఈడీఎల్‌ఐ బీమా కింద మరణిస్తే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల దాకా వస్తుంది. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ డబ్బు కోసం అమ్మానాన్నలు వారసత్వ కాగితాలు పట్టుకుని తిరగాలి. రెండు నిమిషాల పని, ఆ ఇంటికి రెండేళ్ల తిరుగుడు తప్పిస్తుంది.

ఇక్కడే ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. డబ్బు తీసుకుని 'మూడేళ్ల అనుభవం' పెట్టి ఇస్తామనే కన్సల్టెన్సీలు మీ ఫోన్‌కి కూడా మెసేజ్ పెట్టే ఉంటాయి. ఒకప్పుడు లెటర్‌హెడ్, సీలు ఉంటే నడిచిపోయేది. ఇప్పుడు వెరిఫికేషన్ వాళ్లు మీరు చూపిన కంపెనీల తేదీలను పీఎఫ్ సర్వీసు చరిత్రతో పోల్చి చూస్తారు. నెలనెలా జమ పడిన చరిత్రను వెనక తేదీతో సృష్టించడం లెటర్‌హెడ్ కొట్టించినంత తేలిక కాదు. పట్టుబడితే ఆ ఉద్యోగం పోవడమే కాదు, 'మళ్లీ తీసుకోవద్దు' అనే గుర్తు ఆ కంపెనీ రికార్డులో మీ పేరు పక్కన ఉండిపోతుంది. అప్పు చేసి కట్టిన లక్షలు వెనక్కి రావు. ఏడాది ఖాళీ ఉంటే ఖాళీ ఉందనే చెప్పండి. ఖాళీకి జవాబు చెప్పొచ్చు, అబద్ధానికి చెప్పలేం.

తాళాలు ఎవరి దగ్గర?

ఇంత సమాచారం ఒకచోట ఉంటే ఎవరైనా చూసేయొచ్చా అని మీకు అనుమానం రావాలి. రాకపోతేనే తప్పు. సరైన సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పాత్రకూ కొంతే కనిపిస్తుంది. మీ మేనేజర్‌కి హాజరు, సెలవులు కనిపిస్తాయి, బ్యాంకు ఖాతా కనిపించదు. జీతాల విభాగానికి ఖాతా కనిపిస్తుంది, మీ మెడికల్ కాగితాలు కనిపించవు. ఆధార్ నంబరులో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి చుక్కలుగా ఉంటాయి. ఎవరు, ఎప్పుడు, ఏ గడి మార్చారో చెరగని చిట్టా ఒకటి వెనకాల రాసుకుంటూ ఉంటుంది. రేపు మీ జీతంలో తేడా వస్తే ఆ చిట్టాయే సాక్షి.

ఇప్పుడు చాలా కంపెనీలు ఈ సమాచారాన్ని తమ ఆఫీసు కంప్యూటర్లో కాకుండా క్లౌడ్‌లో, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల దగ్గర దాస్తున్నాయి. ఒకే సాఫ్ట్‌వేర్‌లో వందల కంపెనీల వివరాలు ఉంటాయి, ఒకరివి ఒకరికి కనపడకుండా గోడలు కడతారు. సర్టిఫికెట్ల స్కాన్లు వేరే నిల్వలో ఉంటాయి, మీ రికార్డులో వాటి చిరునామా మాత్రమే ఉంటుంది.

చట్టం కూడా వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో అయింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. ఉద్యోగ అవసరాల కోసం మీ వివరాలు వాడటానికి యజమాని ప్రతిసారీ మీ అనుమతి తీసుకోనక్కర్లేదని ఈ చట్టం అంటుంది. ఈ మినహాయింపు ఉంది కాబట్టే మీరు జాగ్రత్తగా ఉండాలి. అదే చట్టం, వివరాలను కాపాడటంలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని కూడా చెబుతోంది.

చట్టం సంగతలా ఉంచితే, ఊళ్లల్లో జరుగుతున్నది వేరు. 'ఆధార్, పాన్ వాట్సాప్‌లో పెట్టు తమ్ముడూ' అనే పద్ధతి ఇంకా నడుస్తోంది. ఉద్యోగం ఇవ్వకముందే, ఇంటర్వ్యూ కూడా కాకముందే బ్యాంకు వివరాలు, ఓటీపీ అడిగేవాళ్లు కంపెనీలు కాదు, మోసగాళ్లు. కంపెనీ పేరుతో ఉన్న మెయిల్ నుంచి వచ్చిన లింకులో, ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే వివరాలు ఇవ్వండి. అడిగితే బెదిరిపోయే ఉద్యోగం కాదు మీకు కావాల్సింది.

ఈ పనిలోనే ఉద్యోగాలు

ఇంతవరకు మీరు రికార్డులో ఉండే మనిషిగా చూశారు. ఆ రికార్డును నడిపే మనిషిగా కూడా మీరు ఉండొచ్చు. హైదరాబాద్‌లో 2015లో మొదలైన డార్విన్‌బాక్స్ 2022 జనవరిలో వంద కోట్ల డాలర్ల విలువ దాటిన కంపెనీల జాబితాలో చేరింది. కెకా కూడా హైదరాబాద్‌లో పుట్టిందే. అంటే ప్రపంచంలో ఎక్కడో తయారయ్యే వస్తువు కాదిది, మన పక్కనే తయారవుతోంది. వీటిలో కోడ్ రాసేవాళ్లే కాదు, కొనుక్కున్న కంపెనీలో దాన్ని అమర్చేవాళ్లు, పాత షీట్లలోని వివరాలు శుభ్రం చేసి ఎక్కించేవాళ్లు, జీతాల నిబంధనలు పెట్టేవాళ్లు, ఫోన్‌లో సందేహాలు తీర్చేవాళ్లు కావాలి. బీకాం, బీబీఏ, ఎంబీఏ వాళ్లకి ఇది బాగా సరిపోయే దారి.

మన దగ్గరా అవసరం తక్కువేం లేదు. భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లున్నాయి. పంట వచ్చినప్పుడు పని పెరుగుతుంది, లేనప్పుడు తగ్గుతుంది. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. కొందరు కంపెనీ రోల్స్‌లో, కొందరు కాంట్రాక్టరు కింద. వాళ్ల హాజరు, ఓవర్‌టైమ్, పీఎఫ్, నెలకు 21,000 రూపాయల లోపు జీతం వాళ్లకి వర్తించే ఈఎస్‌ఐ... ఇవన్నీ సరిగ్గా నడవాలంటే పేర్లు, తేదీలు శ్రద్ధగా ఎక్కించే మనిషి కావాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి, మానేసినవాళ్ల వేతన బకాయిలు రెండు పనిదినాల్లో తేల్చాలి. రికార్డు సరిగ్గా లేని చోట రెండు రోజుల్లో లెక్క తేలదు. కాబట్టి ఈ పని తెలిసినవాళ్ల అవసరం పెరిగేదే.

ఏం నేర్చుకోవాలి? ఎక్సెల్ గట్టిగా రావాలి. రెండు జాబితాలు పోల్చి తేడాలు పట్టుకోవడం, పివట్ టేబుల్ చేయడం చేతికి అలవాటవ్వాలి. ఎస్‌క్యూఎల్‌లో రెండు పట్టికలను ఒక నంబరుతో కలిపి సమాచారం తీయడం వస్తే చాలామంది కంటే ముందుంటారు. పీఎఫ్, ఈఎస్‌ఐ, టీడీఎస్ లెక్కలు ఒక జీతం స్లిప్పు మీద చేతితో వేసి చూడండి. ఇంటర్వ్యూలో 'ఉద్యోగికి ఏప్రిల్ నుంచి జీతం పెరిగింది, ఆదేశం జూన్‌లో వచ్చింది, బకాయి ఎలా లెక్కిస్తారు' అని అడగొచ్చు. తేదీలతో నడిచే రికార్డు గురించి పైన చెప్పుకున్నది అర్థమైతే జవాబు మీ దగ్గరే ఉంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ సీట్లో కూర్చున్నాక మీ తెర మీద కనిపించేది వరుస నంబరు కావొచ్చు. అవతల ఉన్నది మాత్రం రాత్రి షిఫ్టు చేసి ఇంటికెళ్తున్న ఒక అక్క. ఆమె పేరులో మీరు వదిలేసిన అక్షరం ఈఎస్‌ఐ ఆసుపత్రి కౌంటరు దగ్గర ఆమెను నిలబెట్టేస్తుంది.

కాలేజీలు చేయాల్సింది, మీరు చేయాల్సింది

మన కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్స్ మాక్ ఇంటర్వ్యూలు పెడుతున్నాయి, గ్రూప్ డిస్కషన్లు పెడుతున్నాయి. మంచిదే. చివరి ఏడాదిలో ఒక్క రోజు 'పత్రాల రోజు' కూడా పెట్టాలి. ప్రతి విద్యార్థి పదో తరగతి మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు పోల్చి చూడాలి. తేడా ఉన్నవాళ్ల చేత అప్పుడే దరఖాస్తు పెట్టించాలి. దీనికి నిధులు అక్కర్లేదు, ఒక హాలు, ఇద్దరు ఉపన్యాసకులు చాలు. ఉద్యోగం వచ్చాక సెలవు పెట్టుకుని మీసేవ చుట్టూ తిరగడం కంటే ఇది ఎంతో నయం.

యాజమాన్యాలను అడగాల్సింది కూడా ఉంది. ఉద్యోగి రికార్డును ఉద్యోగికి చూపించండి. సెల్ఫ్ సర్వీస్ పేరుతో ఆ సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంది. దాన్ని ఆపి ఉంచి, తప్పు బయటపడ్డాక 'నువ్వే ఇచ్చావు' అనడం న్యాయం కాదు. ఇంగ్లిష్ రాని కార్మికురాలికి ఆమె పేరు, నామినీ పేరు, పుట్టిన తేదీ తెలుగులో చదివి వినిపించి సరే అనిపించుకోవడం కూడా హెచ్‌ఆర్ పనే.

మీ వంతుగా ఈ వారం చేయగలిగినవి కొన్ని. నాలుగు పత్రాలు బల్ల మీద పరిచి పేరు అక్షరం అక్షరం పోల్చండి. ఏది తేడా ఉంటే దాన్ని పదో తరగతి మెమోకి తగ్గట్టు మార్చుకోండి, ఎందుకంటే మెమోని మార్చడం అన్నిటికంటే కష్టం. ఆధార్‌కి కట్టిన ఫోన్ నంబరు మీ చేతిలోనే ఉండేలా చూసుకోండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి. ఇంతకుముందు ఎక్కడైనా కొన్ని నెలలు పనిచేసి ఉంటే మీకు యూఏఎన్ ఉందేమో కనుక్కోండి, రెండోది తీసుకోవద్దు. చేరిన నెలలోనే మీ రికార్డు తెరిచి ప్రతి గడీ చదవండి, నామినీ నింపండి. తప్పు కనిపిస్తే నోటిమాటతో సరిపెట్టకుండా మెయిల్‌లో రాయండి, ఆ మెయిల్ దాచుకోండి.

ఉద్యోగం ఇచ్చేది కంపెనీయే కావొచ్చు. కానీ ఆ కంపెనీలో మీరు ఎవరో చెప్పే నాలుగు గడులు నింపేది మీరే. ఆ పెన్ను మీ చేతిలో ఉన్నప్పుడే సరిగ్గా రాసుకోండి.